చివర దాటినవాడు

ఎనిడ్ క్లెగ్ రోడ్డు మధ్యకు నడిచి, కర్రను నేలకు ఆనించి, ఎడమచెయ్యి చాచి రొట్టెల వ్యానును ఆపింది. కర్ర చివర టీ ట్రే కన్నా పెద్ద గుండ్రటి బోర్డు, దాని మీద ఆగమని నల్లటి అక్షరాలు. అది రోడ్డు మీద నిలబడితే బస్సయినా, బొగ్గు లారీ అయినా, మేయరు కారయినా ఆగాల్సిందే, చట్టం అలా ఉంది. హాల్డెన్‌షా ఊళ్ళో ఎనిడ్ మాట ఎవరైనా విన్నారంటే ఆ కర్ర చేతిలో ఉన్నప్పుడే.

బడి పిల్లలు గుంపుగా దాటారు, వాళ్ళను రోడ్డు దాటించడమే ఆమె ఉద్యోగం. అందరికన్నా వెనక షాజియా, ఏడేళ్ళ పిల్ల, సంచీ ఒక భుజం మీంచి జారిపోతూ, ఒక బూటు ఈడ్చుకుంటూ వచ్చింది.

"నడువమ్మా మహారాణీ. ఆ వ్యానులో రొట్టెలు చద్దివైపోతున్నాయి."

"తాడు ఊడింది మిస్."

"నీ తాడు ఊడని రోజు చెప్పు, ఆ రోజు నీకు కేకు కొనిపెడతా."

పిల్లలు ముందర మిస్ అంటారు, వెనకాల స్టాపవ్వ అంటారు. ఆమెకు రెండూ తెలుసు. అరవై నాలుగేళ్ళ మనిషి, పొట్టి, పిరుదులు వెడల్పు. మోకాళ్ళ దాకా వచ్చే పసుప్పచ్చ కోటు, నల్ల టోపీ. కుడి మోకాలికి కోటు కింద పట్టీ. గాలికి బుగ్గలు ఎర్రగా పగిలి ఉంటాయి, గడ్డం మీద రెండు తెల్ల వెంట్రుకలు ఎప్పుడు పీకినా మళ్ళీ వస్తాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరూ అడగలేదని ఊళ్ళో అనుకుంటారు, ఒకడు అడిగాడు.

ఎనిమిదీ నలభైకి ఆమె కళ్ళు అలవాటు కొద్దీ మలుపు వైపు తిరిగాయి.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ వేళకు ఆ మలుపులోంచి డెస్మండ్ ఓగ్డెన్ కారు వచ్చేది. తన పరుపుల దుకాణం తెరవడానికి పోయేవాడు. కార్లు మారాయి, చివరిది ముదురెరుపు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎనిడ్ దాన్ని ఆపుతూనే ఉంది. పిల్లలుంటే పిల్లల కోసం. లేకపోతే, ఎక్కడో చాపెల్ వీధి చివర ఒక చిన్న టోపీ కనబడితే ఆ టోపీ కోసం. ముందు కార్లన్నిటినీ పోనిచ్చి సరిగ్గా అతని బంపరు ముందు కర్ర దించేది. వానలో ఆపింది, మంచులో ఆపింది, అతనికి గుండె ఆపరేషనయి వచ్చిన మొదటి రోజు కూడా ఆపింది. మొదట్లో అద్దం దించి "ఎలా ఉన్నావు ఎనిడ్?" అనేవాడు. "ఆగు," అనేది. ఇన్నేళ్ళలో ఆమె అతనితో మాట్లాడిన మాట అదొక్కటే. రాన్రానూ అతను అద్దం దించడం మానేశాడు. అయినా వెనక వీధి గుండా పోలేదు. దారి ఉంది, పోవచ్చు. ఎందుకు పోలేదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. పగ పట్టిన మనిషికి అవతలివాడి మనసుతో పనేముంది?

ఈ రోజు ఆ కారు రాదు. డెస్మండ్ ఓగ్డెన్ పోయిన శుక్రవారం ఆస్పత్రిలో చనిపోయాడు. ఈ సాయంత్రం పాతిపెడతారు.

ప్రధానోపాధ్యాయురాలు మిసెస్ హోల్‌రాయిడ్ గేటు దగ్గరకు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, మంచి మనిషి, ఊరికి కొత్త.

"ఎనిడ్ గారూ, ఒక్క మాట. ఓగ్డెన్ గారి శవయాత్ర సరిగ్గా మూడున్నరకి మన బడి ముందు నుంచే పోతుందట. పిల్లలంతా కంచె వెంబడి నిలబడి నివాళి అర్పిస్తారు. చలికాలంలో ఆయనొచ్చి పాత కబుర్లు చెప్పినప్పటి నుంచీ వీళ్ళకి ఆయనంటే ప్రాణం కదా. శవం బండి పోయేదాకా మీరు రోడ్డు మీదికి రాకండి. పోయాక దాటిద్దాం. సరేనా?"

"అలాగేనమ్మా."

"శవపెట్టె మీద ఆయన దాచుకున్న ఆ గోళీ కూడా పెట్టి పాతిపెడతారట. పేపర్లో చదివారా? నాకైతే ఏడుపొచ్చింది."

"చదివాను," అంది ఎనిడ్. "నాకూ వచ్చింది."

తొమ్మిదింబావుకు ఇంటికి పోయి, కోటు తలుపు వెనక కొక్కేనికి తగిలించి, కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అది అమ్మ ఇల్లే. తలుపు వెనక ఇంకో కొక్కెం ఉంది, నడుమెత్తులో, చిన్నపిల్లల కోటు కోసం కొట్టినది. దానికి యాభై నాలుగేళ్ళుగా ఏమీ తగిలించలేదు. నిన్నటి పేపరు బల్ల మీదే ఉంది. మళ్ళీ చదవకూడదనుకుంటూనే కళ్ళద్దాలు పెట్టుకుంది.

డెస్మండ్ పదకొండేళ్ళుగా గురువారం గురువారం ఊరి పేపర్లో 'మా రోజుల్లో' అని రాసేవాడు. ఊరికి అదంటే పిచ్చి. చేపల దుకాణం వాడు కత్తిరించి గోడకంటించేవాడు, పబ్బులో పైకి చదివి నవ్వుకునేవాళ్ళు. చనిపోయాడు కాబట్టి పేపరువాళ్ళు అందరికన్నా పేరొచ్చినదాన్ని మళ్ళీ వేశారు.

'మా రోజుల్లో పొద్దున్నే ఇంట్లోంచి తరిమేసేవాళ్ళు. ఆకలేస్తే జామ్ రాసిన రొట్టె, దాహమేస్తే వీధి కుళాయి. కాలువ తూము మీంచి దూకేవాళ్ళం. బూడిద దిబ్బ మీంచి రేకు ముక్కల మీద జారేవాళ్ళం. మోకాలు పగిలితే ఉమ్ము రాసుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు రోడ్డు దాటాలన్నా ఒక మనిషి కావాలి, పాపం! మేం లారీల ముందు పరిగెత్తి ఆడుకున్నాం. మాలో ఒక్కడికీ ఏమీ కాలేదు. ఆ ఆటలో నేను గెలిచిన రాజుగోళీ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.'

పక్కన ఫొటో. టెంటర్ వీధి మిల్లు గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని ఆరుగురు పిల్లలు. కింద ఐదు పేర్లు వేసి, చివరనున్నది ఎవరో తెలియదని డెస్మండ్ రాశాడు.

ఎనిడ్ ఆ చివరి పిల్లవాడి మొహం మీద వేలు పెట్టింది. నీకు తెలియదట్రా, అంది మనసులో డెస్మండ్‌తో. నీకు తెలియదట.

మాలో ఒక్కడికీ ఏమీ కాలేదట! అవును మరి, చచ్చినవాళ్ళు పేపర్లకు ఉత్తరాలు రాయరు. బతికిన ముసలాళ్ళంతా ఒకచోట చేరి, చూశారా ఎవరూ చావలేదు అనుకుంటే కాదనేవాడెవడు? ఎనిడ్ ఒకసారి రాసింది, నాలుగు వాక్యాలు, పేరూ తారీకూ వేసి. అచ్చెయ్యలేదు. పాఠకులకు ఆహ్లాదం కలిగించే శీర్షిక కదా అన్నారట.

ఆ రాతలో అబద్ధం ఒకటి రెండు వాక్యాలేనని ఆమెకు తెలుసు. మిగిలిందంతా నిజమే. జామ్ రొట్టె నిజం, నాలుక మీద కుళాయి నీళ్ళ ఇనుప రుచి నిజం. వేసవి సెలవుల్లో పొద్దున పోతే దీపాలు పెట్టేవేళకు రావడం నిజం. అప్పటి సుఖం ఆమె మళ్ళీ ఎరగదు. అదంతా అబద్ధమైతే ఇంత మండేది కాదు.

ఆ ఆటను 'చివర దాటడం' అనేవాళ్ళు. గోళీ ఉన్నవాడు రోడ్డుకు అవతల నిలబడతాడు. అది మిల్లు యంత్రంలోంచి రాలిన నిమ్మకాయంత ఉక్కు గుండు. మిగతావాళ్ళు ఇవతల. కొండ మీంచి బీరు పీపాల లారీ దిగుతుంటే అవతలివాడు "రా!" అని అరుస్తాడు. అందరికన్నా చివర దాటినవాడికి గోళీ. ఎవరి కాలు ఆఖర్న గట్టుకు తగిలితే వాడిదే, అంతే, దాని మీద వాదన లేదు. మళ్ళీ ఇంకొకడు ఆడి గెలిచేదాకా అది వాడి సొత్తు.

పంతొమ్మిది వందల నలభై తొమ్మిది, ఆగస్టు. ఎనిడ్‌కు పదేళ్ళు, తమ్ముడు రోలీకి ఏడు. "వాడి చెయ్యి వదలకు," అని అమ్మ రోజూ చెప్పేది, ఆ రోజూ చెప్పింది. గోడ పక్కన ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు, తన వంతు వచ్చింది. అవతల గట్టు మీంచి డెస్మండ్, పన్నెండేళ్ళవాడు, "ఒరే అక్కకూచీ! అక్క గౌను పట్టుకునే తిరుగుతావా జన్మంతా?" అన్నాడు. రోలీ చెయ్యి లాక్కున్నాడో, తనే వదిలిందో. ఆ సంగతి ఎనిడ్ యాభై నాలుగేళ్ళుగా తేల్చుకోలేదు. డెస్మండ్‌ను తిట్టుకున్నంత సులువు కాదది.

లారీ వచ్చింది. అందరూ దాటారు. రోలీ ఒక్కడే ఇవతల మిగిలాడు. అప్పుడు డెస్మండ్ మళ్ళీ అరిచాడు. "రా!" ఎనిడ్ చెవులతో విన్నది. రోలీ పరిగెత్తాడు. ఒక కాలు గట్టు మీద పెట్టాడు కూడా. రెండో కాలు రాలేదు.

విచారణలో పెద్ద కోటు వేసుకున్న ఒకాయన అడిగితే, "మేం పిలవలేదండీ, వాడే దూకాడు," అన్నాడు డెస్మండ్. ఎనిడ్‌ను ఎవరూ అడగలేదు, ఆడపిల్ల, అందులోనూ ఏడుస్తోంది. ఆ ఆట మళ్ళీ ఎవరూ ఆడలేదు. గోళీ డెస్మండ్ జేబులోనే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని పట్టుకుని మట్టిలోకి పోతున్నాడు. చచ్చి కూడా ఎత్తుకుపోతున్నాడు దొంగవెధవ!

రోలీ పేరు అతని నోట చెప్పించాలనుకుంది ఇన్నాళ్ళూ. అందుకే ఆపింది, ఏదో ఒక రోజు అద్దం దించి ఆ పేరు అంటాడని. అనకుండానే చచ్చాడు. ఇక మిగిలింది గోళీ. మూడున్నర దాటితే అదీ మిగలదు.

కెటిల్ కూత పెట్టింది. ఎనిడ్ లేచి టీ పోసుకుంది. చీజూ ఉల్లిపాయలూ కూరి కాల్చిన, చల్లారిన రొట్టెలో సగం తిని, సగం పక్షులకు వేసింది. తర్వాత తడిగుడ్డ తెచ్చి, టోపీ మీది బిళ్ళ మెరిసేదాకా తుడిచింది.

మూడుంబావుకు సన్నటి తుంపర మొదలైంది. పిల్లలు ఇనప కంచె లోపల బారుగా నిలబడ్డారు. ఎనిడ్ గేటు పక్కన కర్రను భుజానికి ఆనించుకుని నిలబడింది. మూడూ ఇరవై ఎనిమిదికి మలుపులోంచి ముందు టాటర్సాల్ కనబడ్డాడు. శవయాత్రలు నడిపే మనిషి, పొడుగు టోపీ, చేతిలో వెండిపొన్ను కర్ర, బండి ముందు అడుగులో అడుగు వేస్తూ వస్తున్నాడు. అతని వెనక నల్లటి అద్దాల బండి, దాని వెనక ఇంటివాళ్ళ కారు, ఆ వెనక ఊరు. ఓగ్డెన్ కోసం సగం దుకాణాలు మూసేశారు.

బండి ఇరవై గజాల్లోకి వచ్చింది. ఎనిడ్ గట్టు దిగింది.

"ఎనిడ్ గారూ!" అంది మిసెస్ హోల్‌రాయిడ్ గొంతు అణుచుకుని. "ఎనిడ్ గారూ, వద్దు!"

ఎనిడ్ రోడ్డు మధ్యకు నడిచి, కర్ర నేలకు ఆనించి, ఎడమచెయ్యి చాచింది. టాటర్సాల్ ఆమెకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. బండి ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి.

"ఎనిడ్ తల్లీ, ఏంటిది?" అన్నాడతను పెదాలు కదపకుండా. "పక్కకి జరుగు, నీకు పుణ్యముంటుంది. లోపల శవముంది."

"తెలుసు. పిల్లలు దాటాలి. ఆగు."

ఆమె కంచె వైపు తిరిగి "రండి!" అంది.

పిల్లలు టీచర్ వంక చూశారు, కర్ర వంక చూశారు. కర్ర నిలబడితే దాటాలి, నేర్పింది అదే. దాటారు. పెద్దవాళ్ళు మొదట, తర్వాత చిన్నవాళ్ళు, చేతులు పట్టుకుని, పెట్టె వంక ఓరగా చూస్తూ. అవతల గొడుగుల కింద నిలబడ్డ తల్లులు ఎవరి పిల్లల్ని వాళ్ళు లాక్కున్నారు. చివర షాజియా, ఊడిన తాడుతో, ఎనిడ్ చెయ్యి పట్టుకుని అవతలి గట్టు ఎక్కింది.

"అందరం అయిపోయాం మిస్. మీరింకా అడ్డం నిలబడ్డారేం?"

"ఇంకొకడున్నాడమ్మా."

ఎనిడ్ ఇవతలి గట్టుకు తిరిగి వచ్చింది. కర్ర కుడిచేత్తో పట్టుకుంది. ఎడమచెయ్యి కిందికి, ఏడేళ్ళ పిల్లవాడి చెయ్యి అందేంత ఎత్తులో చాచి, వేళ్ళు మూసింది. చిన్నడుగులు వేస్తూ మళ్ళీ రోడ్డు దాటింది. మోకాలు సలుపుతోంది. తొందరపడలేదు. బండి అద్దంలోంచి పూలు కనబడ్డాయి, పూల మధ్య డెస్మండ్ టోపీ, టోపీ పక్కన మఖమల్ గుడ్డ మీద ఉక్కు గోళీ. అవతలి గట్టు మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది. ఈసారి చెయ్యి వదల్లేదు.

ఆమె మళ్ళీ గట్టు దిగి బండి ముందు నిలబడేసరికి వెనక కారు తలుపు తెరుచుకుంది. డెస్మండ్ కూతురు జూడిత్ దిగింది, నల్ల గౌను, ఏడ్చి ఉబ్బిన మొహం. గబగబా వచ్చింది.

"మీకు మా నాన్నంటే కిట్టదని తెలుసు. రోజూ ఆపేవారట కదా. ఇంటికొచ్చి చెప్పేవాడు, ఈ రోజూ ఆపింది అని. వేరే దారిన పోరాదా అని అమ్మ పోరితే వినేవాడు కాదు. ఈ ఒక్కరోజైనా వదిలెయ్యొచ్చుగా! ఏం మనిషండీ మీరు?"

"వదిలేస్తా. ఆ గోళీ ఇస్తే వదిలేస్తా."

"అది మా నాన్న గెలిచింది."

"కాదు. మీ నాన్న దగ్గర ఉండిపోయింది. చివర దాటింది మా తమ్ముడు. ఏడేళ్ళు వాడికి. మీ నాన్న రా అని పిలిస్తే లారీ ముందు పరిగెత్తాడు. అందరూ వినండి, టెంటర్ వీధిలో చచ్చిపోయాడు. రోలీ వాడి పేరు. రోలండ్ క్లెగ్."

జూడిత్ చెయ్యి నోటి దగ్గరకు పోయింది.

"రోలీయా?"

"రోలీ."

"ఆస్పత్రిలో..." అంది జూడిత్. "చివరి వారమంతా అదే. 'రోలీ, రావొద్దు. ఆగు, ఆగు.' రాత్రీ పగలూ అదే పాట. ఎవరు నాన్నా అంటే ఏడ్చేవాడు. మేం... చిన్నప్పటి కుక్క పేరేమో అనుకున్నాం. నర్సుకి కూడా అదే చెప్పాం, కుక్కని."

తుంపర పెట్టె బండి అద్దం మీద పడుతోంది. ఎనిడ్ జూడిత్ మొహంలోకే చూస్తోంది. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. అయితే అన్నాడన్నమాట. యాభై నాలుగేళ్ళు ఆలస్యంగా, ఎవరికీ అర్థం కాకుండా అన్నాడు. అందులో 'ఆగు' అన్న మాట ఎనిడ్‌దే. ఇరవై ఎనిమిదేళ్ళు పొద్దున పొద్దున అతని చెవిలో పోసిన మాట. అది లోపలికి దిగింది. పడుకోనివ్వలేదు, చావనివ్వలేదు. క్షమించానని ఎనిడ్ అనలేదు, అనిపించనూ లేదు. సంతోషం వేసింది. దాచడమెందుకు, ఒళ్ళంతా వెచ్చబడేంత సంతోషం వేసింది.

"కుక్క కాదమ్మా," అంది. "పిల్లవాడు. ఆ ఫొటోలో చివరనున్నవాడు."

జూడిత్ టాటర్సాల్ వైపు తిరిగి తల ఊపింది. అతను ఒక్క క్షణం తటపటాయించి, బండి వెనక తలుపు తెరిచాడు. తెల్ల చేతితొడుగుతో గోళీ తీసి, ఏం చెయ్యాలో తెలియక జూడిత్‌కిచ్చాడు. జూడిత్ దాన్ని రెండు చేతులతో తెచ్చి ఎనిడ్ అరచేతిలో పెట్టింది. చల్లగా ఉంది. గుర్తున్నదాని కన్నా బరువుగా ఉంది.

"మీ నాన్న పోవచ్చు ఇక," అంది ఎనిడ్.

కర్ర ఎత్తి భుజాన పెట్టుకుని గట్టెక్కి నిలబడింది. టాటర్సాల్ పొడుగు టోపీ సర్దుకుని మళ్ళీ అడుగులు మొదలుపెట్టాడు. బండి కదిలింది, ఇంటివాళ్ళ కారు కదిలింది, ఊరు కదిలింది. పోతున్న ప్రతి కారులోంచీ ఒక మొహం ఎనిడ్‌ను చూసింది. ఆమె కూడా ఒక్కొక్కరినీ చూసింది, తల వంచలేదు.

మిసెస్ హోల్‌రాయిడ్ వచ్చి పక్కన నిలబడింది. తిడుతుందనుకుంది ఎనిడ్.

"నాకు తెలియదు ఎనిడ్ గారూ. నాకెవరూ చెప్పలేదు. కానీ ఆఫీసుకు ఫిర్యాదులు పోతాయి. నేను ఆపలేను."

"ఆపొద్దమ్మా. నేను ఆపాల్సినవి ఆపేశాను."

మంగళవారం ఉత్తరం వచ్చింది. సేవలకు కృతజ్ఞతలు, ఇక రానక్కర్లేదు, మూడు వాక్యాలు. బుధవారం వ్యాను వచ్చి కర్ర, టోపీ పట్టుకుపోయింది. కోటు కూడా ఇచ్చెయ్యాలని కాగితంలో ఉందిగానీ, వచ్చినవాడు అడగలేదు, ఎనిడ్ ఇవ్వలేదు. అది మోకాళ్ళ దాకా వచ్చే పెద్దవాళ్ళ కోటు. అయినా ఆమె దాన్ని తలుపు వెనక నడుమెత్తు కొక్కేనికే తగిలించింది. అంచు నేలకు రాసుకుంటూ, కుడిజేబులోని బరువుకు ఒక పక్కకు ఒరిగి, అది అక్కడే వేలాడుతోంది.